కంపెనీ ఇచ్చే మందుల సహాయ పథకం రోగికి ఆసరాయా, ధర తగ్గించకపోవడానికి సాకా?

రేపల్లె_వాసి: మా నాన్నగారికి 2004లో దీర్ఘకాలిక మైలాయిడ్ రక్త క్యాన్సర్ అని తేలినప్పుడు, నెలకు 1,20,000 రూపాయల దాకా పలికే గ్లివెక్ మాత్రలు కొనే స్తోమత మాకు లేదు. నోవార్టిస్ సంస్థ మ్యాక్స్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ ద్వారా నడిపిన పథకంలో అవి ఉచితంగా అందడం వల్లనే ఆయన మరో 11 ఏళ్లు మా మధ్య ఉన్నారు. ఖరీదైన మందు రాసిన రోజునే, అప్పు చేయకముందే, ఆ కంపెనీకి సహాయ పథకం ఉందేమో డాక్టరుగారిని అడగండి.

పాలమూరు_ఆడబిడ్డ: అడిగాం, చేరాం కూడా. మా అక్కకు రొమ్ము క్యాన్సర్ ఇంజెక్షన్లు మొదటి మూడు మేము కొంటే మిగిలినవి కంపెనీ ఇస్తుందన్నారు. ఎమ్మార్వో కార్యాలయం చుట్టూ తిరిగి ఆదాయ పత్రం తెచ్చాం, బంగారం కుదువ పెట్టి మూడూ కొన్నాం. వార్డులో ఎవరో ఒక ఖాళీ సీసా పారేశారు. అది తిరిగి ఇవ్వలేదని నాలుగోది ఐదు వారాలు ఆపేశారు.

రేపల్లె_వాసి: ఖాళీ సీసాలు అడగడంలో తప్పు లేదమ్మా. అవి బయటికి పోతే నకిలీ మందు నింపి అమ్ముతారు. 2024లో ఢిల్లీ పోలీసులు అటువంటి ముఠానే పట్టుకున్నారు. సీసా జాగ్రత్త చేసుకోవలసింది కుటుంబమే.

పాలమూరు_ఆడబిడ్డ: వాంతులతో లేవలేని మనిషిని పట్టుకోవాలా, సీసాలు లెక్కపెట్టుకోవాలా? పొరపాటు ఆసుపత్రిది, ఐదు వారాలు పోయింది మా అక్కకు.

రేపల్లె_వాసి: నియమం అందరికీ ఒకటేనమ్మా. సీసా పోతే వెంటనే ఆసుపత్రి చేత రాయించుకోవలసింది.

మందుల_దుకాణం: సీసా దగ్గరే ఆగిపోయారు. 2003 నవంబరులో గ్లివెక్‌కు ప్రత్యేక మార్కెటింగ్ హక్కు (ఆ మందును నోవార్టిస్ ఒక్కటే అమ్ముకునే హక్కు) దక్కాక, కొన్ని భారతీయ కంపెనీలు అదే మందును చౌకగా అమ్మడం ఆపవలసి వచ్చింది. 2006లో పేటెంటు దరఖాస్తు తిరస్కరించారు, 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. ఆ హక్కు లేనప్పుడు జనరిక్ మాత్రలు (అదే మందును వేరే కంపెనీలు చేసేవి) నెలకు 10,000 రూపాయల లోపే దొరికాయి. రేపల్లె వారి నాన్నగారికి ఉచిత మందు అందిన రోజుల్లోనే చౌక మందుకు దారి మూసుకుపోయింది.

రేపల్లె_వాసి: అంటే మా నాన్నగారు వేసుకున్న మాత్రలకు నేను సిగ్గుపడాలా? 2013 తీర్పు కోసం ఆయన జబ్బు ఆగేదా? ఆ తొమ్మిదేళ్లు మీరెవరూ మా గుమ్మం తొక్కలేదు.

పాలమూరు_ఆడబిడ్డ: ఆ మాత్రలను నేను ఒక్క మాట అనలేదు, అన్నగారూ. మీకు వాళ్లు అవునన్నారు, మాకు ఆగమన్నారు. రెండు చోట్లా నిర్ణయం వాళ్లదే. నాలుగో ఇంజెక్షన్ మేము కొనగలిగే ధరలో ఉండి ఉంటే, ఎవరి సంతకం కోసమూ ఐదు వారాలు కాచుకునేవాళ్లం కాదు. నా బాధంతా అదే, సీసా కాదు.

రేపల్లె_వాసి: ధర తగ్గాలని నేనూ కోరుకుంటాను. కానీ దరఖాస్తు పెట్టవద్దని మాత్రం ఇక్కడ రాయకండి. ఈ వారమే మందు చీటీ పట్టుకుని చదివేవాళ్లు ఉంటారు.

పాలమూరు_ఆడబిడ్డ: పెట్టవద్దని అనను. సీసా ఇచ్చిన ప్రతిసారీ రసీదు తీసుకోమని చెప్తాను.