కళ్లముందే గోరింకని గద్ద పట్టుకుంది, అది చచ్చిపోయింది. మనసు కుదుటపడట్లేదు, మీరెలా తట్టుకున్నారు?

నీళ్లగిన్నె (విజయవాడ, సత్యనారాయణపురం)
అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం పొద్దున మా మేడమీద ఒక గద్ద గోరింకని పట్టుకుంది. నేను దండెం మీద బట్టలు తీస్తున్నా, రెండో తరగతి చదివే మావాడు పక్కనే ఉన్నాడు. పిట్టగోడ మీద అదిమిపెట్టి ఈకలు పీకడం మొదలెట్టింది. గోరింక ఇంకా చావలేదండీ. కళ్లు తెరుచుకునే ఉంది, అరుస్తూనే ఉంది. ఉండబట్టలేక కర్ర తీసుకుని తరిమేశా. అది కొబ్బరిచెట్టు మీదకి పోయింది. గోరింక నా చేతిలోనే అరగంటకి ప్రాణం విడిచింది. అప్పట్నుంచి అన్నం సయించట్లేదు. మూడు సంగతులు అడుగుతున్నా. కళ్లు మూస్తే అదే కనపడుతోంది, ఇది ఎలా తగ్గుతుంది? "దానికి జాలి లేదా అమ్మా" అని మావాడు అడిగితే ఏం చెప్పాలి? పిట్టల కోసం నేను పెట్టిన నీళ్లగిన్నె వల్లే ఇదంతా జరిగిందా, తీసెయ్యనా?

పిట్టలచూపు (గుంటూరు)
గద్ద అయ్యుండదు, జాలెడేగ. గద్దకి తోక కొస మధ్యలో చీలినట్టు ఉంటుంది, ఎక్కువగా చచ్చినవీ, మాంసం కొట్ల దగ్గర పారేసినవీ ఏరుకుని తింటుంది. పావురమంత సైజులో ఉందా? పొట్ట మీద అడ్డచారలు ఉన్నాయా? పన్నెండేళ్లుగా ఉప్పలపాడు చెరువు దగ్గర పిట్టలు చూస్తున్నాను, ఈ జిల్లాలో డేగల గురించి నాకంటే ఎక్కువ తిరిగినవాళ్లు తక్కువే. బతికుండగానే ఎందుకు పీకడం మొదలెట్టిందో చెప్తా. ఫాల్కన్లనే వేరే రకం వేటపిట్టలకి పైముక్కు అంచున పన్నులాంటి మొన ఉంటుంది, దాంతో మెడ ఎముక తెంపేస్తాయి. జాలెడేగకి అది లేదు. గోళ్లతో బిగించి పట్టడమే దానికి తెలిసిన చంపుడు. పిచ్చుకలాంటిదైతే ఆ పట్టుకే పోతుంది. గోరింక గట్టి పిట్ట, పోదు.

నీళ్లగిన్నె
చారలు ఉన్నాయండీ. కన్ను ఎర్రగా ఉంది, అది మర్చిపోలేకపోతున్నా.

పిట్టలచూపు
ఎర్రకన్నంటే మగది. ఇప్పుడు ఎండాకాలం, గూళ్ల టైము. గుడ్ల మీద కూర్చున్న ఆడదానికి మగదే తెచ్చిపెట్టాలి.

బ్యారేజీగాలి (విజయవాడ)
అయితే మీరు తరిమింది ఓ ఇంటాయన్ని. అక్కడ ఆడది ఎదురుచూస్తూ ఉండుంటుంది. గోరింక ఎలాగూ బతకలేదు, డేగ పస్తు ఉంది, ఇంకో గంటకి ఇంకో పిట్టని పట్టి ఉంటుంది. మీ జాలి వల్ల ఒకటి పోవాల్సిన చోట రెండు పోయాయి. జంతువుల తిండి మధ్యలోకి మనం వెళ్లకూడదు.

పటమటఅత్తయ్య
ఏం మాటలు బాబూ అవి? కళ్లెదురుగా ఒక ప్రాణి విలవిల్లాడుతుంటే ఆ అమ్మాయి లెక్కలు వేసుకుంటూ నిలబడాలా? చెయ్యి దానంతటదే లేస్తుంది. లేవకపోతేనే భయపడాలి.

బ్యారేజీగాలి
చెయ్యి లేవడం తప్పనలేదండీ. దాని ఫలితం చెప్పా.

పటమటఅత్తయ్య
నాలుగు రోజులుగా అన్నం తినని మనిషికి ఫలితం చెప్తారా? ముందు తిన్నావా అమ్మా అని అడగండి.

మిర్చిఎకరం (పత్తిపాడు దగ్గర)
మీ టౌన్ వాళ్లకి ఇది కొత్త గానీ మాకు రోజూ ఉండేదే. లద్దెపురుగు తినడానికి పిట్టలు రావాలని మేమే చేలో కర్రలు పాతుతాం, పక్షి స్థావరాలు అంటారు. ఏట్రింత వచ్చి కూర్చుంటది, పురుగుని పట్టి కర్రకేసి కొట్టి కొట్టి మింగుద్ది. ఆ గోరింక కూడా ఏం తక్కువ తిన్లేదు, దుక్కి దున్నుతుంటే నాగలెంట నడిచి ఎన్ని పురుగుల్ని బతికుండగా మింగుద్దో చూడండి. పురుగుకి అరుపు లేదు కాబట్టి మనకి ఏడుపు రాదు. ట్రైకోగ్రామా కార్డులని ఇస్తారు చూడండి, ఆ ఈగంత కూడా లేని కందిరీగ పురుగు గుడ్డులో తన గుడ్డు పెడతది, దాని పిల్ల లోపల్నుంచి తినేసి బయటికొస్తది. డబ్బిచ్చి కొనుక్కొచ్చి ఆకులకి కడతాం. 2021లో నల్ల తామర పురుగు నా రెండెకరాలు ఊడ్చేసినప్పుడు ఏ పిట్టైనా, ఏ పురుగైనా వచ్చి వాటిని తింటే బాగుండని దణ్ణం పెట్టుకున్నా. క్రూరమా కాదా అంటే ఎవడి చేలో నిలబడి చూస్తున్నాం అన్నదాన్ని బట్టి ఉంటది.

రిటైర్డ్‌జువాలజీ (గుంటూరు, అరండల్‌పేట)
రైతు సోదరుడు చెప్పిన కందిరీగల సంగతే డార్విన్‌ని కూడా వేధించింది. బతికున్న గొంగళిపురుగు లోపల పెరుగుతూ దాన్నే తినే ఇక్న్యూమన్ కందిరీగల్ని దయగల దేవుడు కావాలని సృష్టించాడని నన్ను నేను నమ్మించుకోలేకపోతున్నానని 1860లో ఏసా గ్రే అనే వృక్షశాస్త్రవేత్తకి ఉత్తరం రాశాడు. అంతటివాడికే నిద్రపట్టలేదు, మీరు బాధపడటంలో వింతేముందమ్మా? ఇంకొక్క మాట. 1844లో ఆఫ్రికాలో అన్వేషకుడు డేవిడ్ లివింగ్‌స్టన్‌ని సింహం భుజం పట్టి కుక్క ఎలుకని పట్టి ఊపినట్టు ఊపింది. ఆ క్షణంలో నొప్పీ భయమూ తెలీలేదని, కలలో ఉన్నట్టుందని ఆయనే తర్వాత రాసుకున్నాడు. పెద్ద గాయం తగిలినప్పుడు శరీరం తనంతట తనే నొప్పిని అణిచేసే రసాయనాలు వదులుతుంది. గోరింకకి కూడా కొంత అలాగే జరిగి ఉండొచ్చు.

తెల్లకుందేలు (గుంటూరు)
మాస్టారూ, క్షమించండి, ఈ మాట నాకు పడదు. మా కుందేలుని వీధికుక్కలు గేటు సందులోంచి లాగాయి. కుందేలు అరుపు విన్నారా ఎప్పుడైనా? బతికినంత కాలం నోరెత్తని ప్రాణి ఆ ఒక్కసారి పసిపిల్లలా అరిచింది. రెండేళ్లయింది, ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసినా ఉలిక్కిపడతా. నొప్పి తెలిసుండదులే అని ఊళ్లో అందరూ చెప్పారు. అది మనం నిద్రపోవడానికి చెప్పుకునేది. లివింగ్‌స్టన్ బతికి వచ్చి చెప్పాడు. చచ్చినవాళ్లని ఎవరడిగారు?

రిటైర్డ్‌జువాలజీ
అమ్మా, అబద్ధంతో ఓదార్చాలని అనలేదు. ఉండొచ్చు అన్నాను, ఉంది అనలేదు. మీ కుందేలు అరుపు నేను వినలేదు. ఆ మాట మీ దగ్గర అనకుండా ఉండాల్సింది.

నల్లమలదారి
ఈ టాపిక్‌లో మాట్లాడే హక్కు నాకుందనుకుంటా. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో తొమ్మిదేళ్లు డ్యూటీ చేశా. పులి గొంతు పట్టి చంపుతుంది, కాసేపట్లో అయిపోతుంది. రేచుకుక్కల్ని చూడండి. చుక్కలదుప్పిని పరిగెత్తిస్తూనే పొట్ట చీలుస్తాయి, నిలబడి ఉండగానే తినడం మొదలెడతాయి. మొదటిసారి చూసినప్పుడు జీపు వెనక్కి పోయి వాంతి చేసుకున్నా. గుంపు మొత్తాన్నీ కాల్చెయ్యాలన్నంత కోపం వచ్చింది. ఆ సాయంత్రం అదే గుంపు పిల్లలు వచ్చాయి. ఆకలితో ఉన్న పెద్దవన్నీ పక్కకి జరిగి పిల్లల్ని ముందు తిననిచ్చాయి. పొద్దున్న చూసిందీ నిజమే, సాయంత్రం చూసిందీ నిజమే. నాకు అప్పట్నుంచి ఏదీ పూర్తిగా అసహ్యించుకోవడం చేతకాలేదు.

మేడమీదమల్లె (విజయవాడ, మొగల్రాజపురం)
అసలు మేడల మీదకి డేగలెందుకు వస్తున్నాయి? పావురాలకి బస్తాలకొద్దీ జొన్నలు పోయబట్టి. మా పై ఫ్లాటాయన పోస్తాడు. పావురాల రెట్ట దుమ్ముతో ఊపిరితిత్తులు పాడవుతాయని మా అమ్మ విషయంలో డాక్టరే చెప్పాడు. జాలి పేరుతో గింజలు పోసేవాళ్లని ఎవరూ ఏమీ అనరు.

బ్యారేజీగాలి
దీనికి కొత్త థ్రెడ్ పెట్టండి ప్లీజ్.

మేడమీదమల్లె
మీరు ఆవిణ్ణి హంతకురాలన్నట్టు మాట్లాడినప్పుడు కొత్త థ్రెడ్ గుర్తు రాలేదా?

బ్రాడీపేటకుర్రాడు
ఉండేలుతో ఒక్కటిస్తే మళ్లీ రాదు. మా తాతయ్య కోళ్లకోసం అదే చేసేవాడు.

పిట్టలచూపు
తమ్ముడూ, డేగని కొట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఇలాంటి సలహా ఇక్కడ రాయకు.

పెరుగన్నంపిల్లి (విజయవాడ, గుణదల)
బ్యారేజీగాలి గారితో గొడవపడను గానీ, జాలి తప్పుదారి పట్టడం అంటే ఏంటో నాకు తెలుసు. మేం శాకాహారులం. పిల్లిని పెంచుకుని, మా ఇంట్లో హింస వద్దని పెరుగన్నం, పాలు, నెయ్యి కలిపిన పప్పన్నం పెట్టా. ఏడాదిన్నర. గోడకి గుద్దుకోవడం మొదలెట్టాక తీసుకెళ్తే, కళ్ల వెనక పొర పాడైందన్నారు. పిల్లికి టారిన్ అనే పదార్థం మాంసం, చేపల లాంటి తిండి నుంచి అందాలట, తక్కువైతే కళ్లూ గుండే దెబ్బతింటాయట. నా అహింసకి నా పిల్లి కళ్లు పోయాయి. ఇప్పుడు రోజూ చేపముక్క ఉడకబెడతా, అది వాసన పట్టుకుని చేతిమీదకి పాక్కుంటూ వస్తుంది. మీ బాబు అడిగినదానికి నేనైతే ఇదే చెప్తా: నాన్నా, నువ్వు ఆకలేస్తే పెరుగన్నం తినగలవు, డేగ తినలేదు. దాని కడుపు అలాంటిది.

పటమటఅత్తయ్య
పిల్లవాడికి నాదొక కథ. నరసరావుపేట దాటాక చేజర్లలో కపోతేశ్వరుడి గుడి ఉంది. శిబి చక్రవర్తి పావురాన్ని కాపాడి, డేగ ఆకలికి తన తొడమాంసం కోసిచ్చింది అక్కడే అంటారు. లింగం మీద ఉన్న గుంటలు ఆ కోతలేనట. గర్భగుడి వెనకభాగం ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది, ఒకప్పుడు బౌద్ధుల చైత్యం అంటారు. చిన్నప్పుడు మా నాన్న తీసుకెళ్లి అడిగిన ప్రశ్న నాకింకా గుర్తు. "శిబి డేగని తిట్టాడా?" అని. తిట్టలేదు. నీకు ఆకలి లేదు ఫో అనలేదు. పావురం మీద జాలీ, డేగ ఆకలీ రెండూ ఆయన త్రాసులోనే ఉన్నాయి.

బ్యారేజీగాలి
అత్తయ్యగారూ, నేను చెప్పాలనుకున్నది కూడా అదే, చెప్పడం మొరటుగా వచ్చింది. నీళ్లగిన్నె గారూ, సారీ అండీ. మా నాన్నగారు పోయిన ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో అనవసరంగా గొట్టాలు పెట్టించి నాలుగు రోజులు సాగదీశాం. "కాపాడటం" అన్న మాట వింటే నాకు అక్కడ మండుతుంది.

తెల్లకుందేలు
నీళ్లగిన్నె గారూ, మీ మొదటి ప్రశ్నకి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. నాకు పనిచేసింది చెప్తా. మొదటి నెల దాన్ని తలుచుకోకుండా టీవీ, ఫోను, పని. పైగా ఫోనులో ఒక్క వేట వీడియో చూశానంటే చాలు, వరసగా అవే వచ్చేవి. అవన్నీ ఆపేశా. తర్వాత అది కుక్కర్ శబ్దంలోంచి వచ్చి పట్టుకునేది. ఒకరోజు కూర్చుని మొత్తం రాశా, గేటు దగ్గర్నుంచి ఆఖరి దాకా. రాసింది మా అక్కకి చదివి వినిపించా. పోలేదు, కానీ పిలవకుండా రావడం తగ్గింది. కుందేలుని పాతిన చోట నందివర్ధనం వేశా. అన్నం మాత్రం వేళకి తినండి.

మిర్చిఎకరం
గిన్నె తియ్యొద్దండి. ఈ ఎండలకి నీళ్లు లేక చచ్చేవే ఎక్కువ. గోడమీద నుంచి దించి పొదల దగ్గర పెట్టండి, దాక్కోడానికి చోటుంటది.

పిట్టలచూపు
మరీ పొదల్లోకి వద్దు, పిల్లులు పొంచి ఉంటాయి. పొదకి రెండు మూడు అడుగుల దూరం.

నీళ్లగిన్నె
అందరి మాటలూ మావాడికి చదివి వినిపించా, ఉండేలు మాట తప్ప. పెరుగన్నం పిల్లికి కళ్లు మళ్లీ వస్తాయా అని అడుగుతున్నాడు, రావని చెప్పా. గిన్నె మల్లెకుండీకి కాస్త దూరంగా పెట్టాం. నిన్న నాలుగింటికి ఆ డేగే వచ్చింది, ఎర్రకన్ను. నా గుండె ఆగింది. అది గిన్నె అంచున నిలబడి నీళ్లు తాగింది, తర్వాత లోపలికి దిగి రెక్కలు తడుపుకుంది. మావాడు నా చీరకొంగు పట్టుకుని కదలకుండా చూశాడు. గోరింకలు ఇంకా రాలేదండీ. ఈ ఆదివారం వాణ్ని చేజర్ల తీసుకెళ్దామనుకుంటున్నా. అత్తయ్యగారూ, గుడి మధ్యాహ్నం తెరిచి ఉంటుందా?