కొల్లేరు: ఐదో కాంటూరా, మూడో కాంటూరా, అసలు నీళ్ల సంగతేంటి?

కైకలూరు శ్రీను
కొల్లేరు అభయారణ్యాన్ని ఐదో కాంటూరు నుంచి మూడుకు కుదించాలని మా వైపు మళ్లీ గట్టిగా అడుగుతున్నారు. తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెప్తాను. సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు వరకు సరస్సు పరుచుకునే మేర, అంటే సుమారు 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. మూడడుగులకు దించితే మిగిలేది 135. 2008లో అసెంబ్లీ కూడా కుదించమని తీర్మానం చేసింది. నేనైతే కుదించాలనే అంటాను. ఆ హద్దు లోపల సుమారు 15 వేల ఎకరాల జిరాయితీ, అంటే సొంత పట్టా భూమి ఉంది. చేతిలో పట్టా ఉంటుంది, చేపల చెరువు తవ్వితే కేసు, వరి వేస్తే ముంపు. పాతికేళ్లుగా ఐదో కాంటూరు ఉంది కదా, మరి నీళ్లేమైనా బాగుపడ్డాయా?

ఆకివీడు మాస్టారు
శ్రీనుగారూ, ఐదో కాంటూరు కాగితం మీద ఉంది, చేపల చెరువుల గట్లు నేల మీద ఉన్నాయి. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో ఆపరేషన్ కొల్లేరు పేరిట గట్లు కొట్టేశారు. తర్వాత చాలాచోట్ల మళ్లీ లేచాయి. అమలే కాని నియమం పనిచేయలేదనడం ఏం న్యాయం? మీ తీర్మానం తర్వాత కేంద్రం వేసిన అజీజ్ కమిటీ కూడా హద్దు తగ్గించవద్దనే చెప్పింది.

ఇక నీళ్ల సంగతి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే నీరు కొల్లేరులో పరుచుకుని, నిదానించి, ఉప్పుటేరు గుండా సముద్రంలో కలవాలి. గట్లు అడ్డం పడితే నీరు పారదు, మూలల్లో నిలిచిపోతుంది. పట్టుబడి రోజు, అంటే చేపలు పట్టే రోజు, చెరువుల్లోంచి తోడేసే నీళ్లలో తవుడు, నూనెగింజల చెక్క, ఎరువు, కోళ్ల పెంట మిగుళ్లన్నీ ఉంటాయి. ఆ నత్రజని, భాస్వరం తిని నాచు, గుర్రపుడెక్క పెరుగుతాయి. నాచు పగలు ప్రాణవాయువు వదులుతుంది, రాత్రి అదే పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. చేపలూ ఇతర జీవాలూ బతకాలంటే లీటరు నీటిలో కనీసం 4 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉండాలని కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. మధ్యాహ్నం శాంపిల్ తీసి బాగుందనేవాళ్లను నేను నమ్మను.

ఇంకొకటి. కొర్రమీను, మార్పు దొరుకుతున్నాయి కదా అంటారు. అవి పైకొచ్చి గాలి పీల్చుకుని బతికే చేపలు. అవి ఉన్నంత మాత్రాన నీళ్లు బాగున్నట్టు కాదు. పరిగెల్లాంటి చిన్న చేపలేమయ్యాయో వేటకెళ్లేవాళ్లను అడగండి.

కైకలూరు శ్రీను
మాస్టారూ, మీ లెక్కలో పాపమంతా చెరువులదే. విజయవాడ మురుగు బుడమేరులో కలుస్తోంది, అది చివరికి వచ్చేది ఎక్కడికి? ఏలూరు మురుగు ఎటు పోతోంది? పైన వరిచేలల మందులు డ్రెయిన్ల గుండా మాకే వస్తాయి. ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతులు ఇప్పటికీ గూళ్లు పెడుతున్నాయి, పిల్లలకు పెట్టేది మా చెరువుల చేపలే. పక్షి ప్రేమికులు ఆ మాట మాత్రం అనరు.

డెల్టా_88
మొత్తానికి గూడబాతులకు ఏ కాంటూరైనా ఫర్వాలేదన్నమాట. 😄

ఆకివీడు మాస్టారు
మురుగు సంగతి నిజమే. కాదన్నదెవరు? విజయవాడ మురుగును శుద్ధి చేయకుండా వదలడం నేరమే. కానీ ఆ మురుగు సరస్సుకు చేరినప్పుడు దాన్ని పలచన చేసి, కొంత పీల్చుకునేది ఈ కిక్కిస పొదలూ, లోతు తక్కువ నీళ్లే. మీరు తీసేయమంటున్నది సరిగ్గా ఆ భాగాన్నే. మూడు, ఐదు కాంటూర్ల మధ్య ఉన్నదే వరదకు చోటు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ఎలా ముంచిందో చూశాం. ఆ నీరంతా దిగాల్సింది ఇటే.

చేపల మేత టెక్నీషియన్
నేను రోజూ చెరువుల మీద తిరిగేవాణ్ణి, రైతుల పక్షమే. అయినా శ్రీను అన్న చెప్పని విషయం ఒకటుంది. మనం నీళ్లు తోడుకునేదీ, మురికి నీళ్లు వదిలేదీ చాలాచోట్ల ఒకే డ్రెయిన్‌లో. పై చెరువువాడు పట్టుబడి చేసి వదిలింది కింది చెరువువాడి మోటారు లాగేస్తుంది. చేపకు జబ్బొస్తే మందులు, నీళ్లు బాగుచేసే జియోలైట్ పొడి, గాలి కలిపే ఏరేటర్ల కరెంటు బిల్లు, ఇదంతా ఎవరి నెత్తిన పడుతోంది? రెండు కాలువలు వేరు చేసి, వదిలే నీటిని ముందు ఒక చిన్న తేటనీటి గుంటలో నిలిపి పంపమని చెప్తుంటాను. అర ఎకరం పోతుందంటారు. కాంటూరు ఏదైనా ఈ పని చేయకపోతే పదేళ్లలో చెరువులే మనల్ని వదిలేస్తాయి. ఫంగస్ (పంగాసియస్) చేపలకు కోళ్ల వ్యర్థాలు వేసేవాళ్ల గురించి ఇక్కడ రాయను, రాస్తే నోరు పాడవుతుంది.

లంక ఆడపడుచు
మా అమ్మ కాలంలో కొల్లేరు నీళ్లే కాచి వడబోసుకుని తాగేవాళ్లు. ఇప్పుడు చుట్టూ నీళ్లే, ఇంట్లో మాత్రం కొన్న టిన్ను. వేసవిలో ఉప్పుటేరు గుండా ఉప్పునీళ్లు పైకి ఎగదన్నుతాయి, అప్పుడు గేదెలు కూడా ముట్టవు. ఆ ఉప్పునీటిని ఆపే రెగ్యులేటర్ల మాట ఏళ్ల తరబడి వింటున్నాం. శ్రీనుగారు రైతునంటున్నారు, మంచిదే. కానీ మా మత్స్యకార సొసైటీల పేరున ఉన్న చెరువులు లీజుకు పట్టింది ఎవరో, లాభం ఏ ఊరికి పోయిందో అందరికీ తెలుసు. మాకు మిగిలింది కాపలా కూలి.

కైకలూరు శ్రీను
అక్కా, లీజుల గొడవ నేను కాదనను. నాది మాత్రం సొంత పట్టా భూమి. ప్రభుత్వం మార్కెట్ రేటు ఇచ్చి తీసుకుంటే రేపే సంతకం పెడతాను, ఐదో కాంటూరుకు జై అంటాను. డబ్బివ్వరు, దున్నుకోనివ్వరు. నా గొడవంతా అదే.

ఆకివీడు మాస్టారు
అజీజ్ కమిటీ కూడా జిరాయితీ భూములకు పరిహారం ఇవ్వాలనే చెప్పింది. కుదించమని చేసే ఆందోళనలో సగం దానికోసం చేసి ఉంటే ఈపాటికి ఒక దారి దొరికేది.

లంక ఆడపడుచు
పట్టా ఉన్నవాళ్లు రేటు అడుగుతున్నారు, అడగాలి కూడా. వేటకు పట్టా ఉండదు కాబట్టి మా పేరు ఏ జాబితాలోనూ రాదు. మాస్టారూ, మీకు అధికారులు తెలుసు కదా. ముందు మా ఊరి దగ్గర డ్రెయిన్‌కు అడ్డంగా వేసిన రెండు గట్లు తీయించండి. నీరు కదిలితే ఈ ఏడైనా చేపలు పట్టే మావులు వేసుకుంటాం.