చంద్రకాంత దుంపలు అడగనివారికి కూడా పంచవచ్చునా?

తూర్పు వరండా (బెంగళూరు వైట్‌ఫీల్డ్): మా ఇంటి ముందు మడిలో మెట్టతామర, చంద్రకాంత రెండూ ఒత్తుగా పెరిగి నడిచే దారి మీదికి వాలుతున్నాయి. జూన్ వానలు మొదలయ్యేలోగా తవ్వి, మెట్టతామర దుంపలను ఒక్కోదానికి 2, 3 మొలకలుండేటట్లు కోసి, చంద్రకాంత దుంపలను గింజలతో సహా అపార్ట్‌మెంటులో అడిగినవారికీ అడగనివారికీ పంచాలనుకుంటున్నాను. సలహాలుంటే చెప్పగలరు.

మిద్దెతోట (జయనగర): మెట్టతామర పంచండి, చంద్రకాంత మాత్రం అడగనివారికి వద్దు. మిరియాల్లాంటి ఆ నల్లని గింజలు రాలినచోటల్లా మొలుస్తాయి. పెరిగిన మొక్కను పీకితే కాండం తెగి చేతికి వస్తుంది గాని, లోపల మిగిలిన దుంప మళ్ళీ చిగురిస్తుంది. అందం కోసం ఈ దేశానికి తెచ్చిన లాంటానా బందీపుర అడవిని ఎలా కమ్ముకున్నదో చూస్తూనే ఉన్నాము.

తూర్పు వరండా: సాయంత్రం 4 గంటల వేళ విచ్చుకొనే పూలమొక్కను అడవిని కమ్మిన ముళ్ళపొదతో పోల్చడం అన్యాయం. పైగా ఎండలు ముదిరితే చచ్చిపోయే మొక్క అది.

మిద్దెతోట: ఎండేది కాండం, చచ్చేది కాదు. దుంపలు తవ్వుతానని మీరే రాసి, చచ్చిపోతుందని మీరే అంటే ఎలాగండీ?

బనశంకరి పాఠకుడు: ఆ గింజలు, దుంపలు తింటే విషం. పసిపిల్లలున్న ఇళ్ళలో చెప్పి ఇవ్వండి.

తూర్పు వరండా: మా కాకినాడ వైపు మొక్క ఇస్తామంటే వద్దన్నవారిని నేను చూడలేదు. ఇక్కడ దానికీ విచారణేనా?

మిద్దెతోట: నేను వద్దనలేకే చెడిపోయాను. అద్దె ఇంట్లో ఉండగా పొరుగావిడ చిటపటకాయల మొక్క తెచ్చి ఇచ్చారు. తడి తగిలితే కాయ పగిలి గింజలను దూరంగా చిమ్ముతుందని ఆవిడ చెప్పలేదు. రెండు వానాకాలాలు గడిచేసరికి నాపరాళ్ళ సందులన్నీ అవే. ఖాళీ చేసేటప్పుడు ఇంటి యజమాని తోటమాలి కూలిని నా అడ్వాన్సులో కోసుకున్నాడు.

తూర్పు వరండా: ఆవిడ మీద కోపం నా మీద చూపుతున్నారు. ఇక ఉన్నమాటే రాస్తాను. మా అబ్బాయి దగ్గరకు వచ్చి రెండేళ్ళయింది, నాకు కన్నడం రాదు. చేతిలో ఒక మొక్క లేనిదే ఏ ఇంటి తలుపూ తట్టలేకపోయాను. అడిగినవారికే ఇవ్వమంటున్నారు; నన్ను అడిగేదెవరు?

మిద్దెతోట: అమ్మా, ఆ మాట నాకు తట్టలేదు. అయినా చెప్పకుండా ఇవ్వడం తప్పనే అంటాను. మెట్టతామరతో తట్టండి.

తూర్పు వరండా: దానికి పెద్ద తొట్టి కావాలి. ఇక్కడ అందరివీ మూరెడు బాల్కనీలే.

మిద్దెతోట: అయితే చంద్రకాంతే ఇవ్వండి. గింజలు వద్దు, దుంప మాత్రమే. నేలలో కాక కుండీలో పెట్టమని, గింజ నల్లబడకముందే తుంచివేయమని ప్రతి గుమ్మంలోనూ చెప్పండి.

తూర్పు వరండా: చెబుతాను. ఆ రెండు మాటలూ కన్నడంలో ఎలా అనాలో తెలుగు అక్షరాల్లో రాసిపెట్టండి.