ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లే అమ్మానాన్నలకి ఏ బట్టలు సర్దాలి?

కావలి_గేటు:
అందరికీ నమస్కారం. మా అమ్మానాన్న ఏప్రిల్ రెండో వారంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్న మా అక్క దగ్గరికి పోతున్నారు. ఆరు వారాలుంటారు. ఇద్దరికీ అరవై దాటాయి. అమ్మ చీరలు తప్ప ఇంకేమీ కట్టదు. నాన్న ఇంట్లో లుంగీ, బయటికి ప్యాంటూ చొక్కా. అక్కేమో ఇక్కడ చలేం లేదు, 17 డిగ్రీలుంటుంది అంటోంది. మా వీధిలో వాళ్లేమో మోకాళ్ల దాకా వచ్చే ఉన్నికోట్లు కొనమంటున్నారు. సముద్రం పక్క ఊరే గదా, మన తుమ్మలపెంటలో లాగా ఉక్కపోత ఉంటుందేమో అని నాన్న. ఎవరి మాట వినాలి? చెన్నైలో విమానం. తలా రెండు పెట్టెలు, పెట్టెకి 23 కిలోలు.

పెన్నా_ఒడ్డు:
తమ్ముడూ, అక్క చెప్పిన 17 నిజమే, కాకపోతే అది మధ్యాహ్నం లెక్క. రాత్రికి 10, 11కి దిగుతుంది. మనకి సంక్రాంతి తెల్లవారుజామున 19, 20 ఉంటేనే దుప్పటి ముసుగు తన్నుతాం. అంటే అక్కడి మిట్టమధ్యాహ్నం మన భోగిమంట వేళ కన్నా చల్లన. అక్కకి అలవాటైపోయింది కాబట్టి ఆమెకి చలి అనిపించదు, అంతే.

ఉక్కపోత మాట మాత్రం మర్చిపొమ్మను. మన బంగాళాఖాతం నీళ్లు ఏప్రిల్‌లో 28 దాటి ఉంటాయి. అక్కడి పసిఫిక్ నీళ్లు 12, 13. ఉత్తరం నుంచి దిగే చల్లని ప్రవాహం ఒకటి, అడుగు నుంచి పైకి తేలే చల్లటి నీళ్లు ఇంకొకటి. ఆ నీళ్ల మీంచి వచ్చే గాలి ఎట్టా ఉంటుందో చూసుకోండి.

అసలు బాధ ఈ గాలితోనే. పొద్దున పెద్దగా ఉండదు. మధ్యాహ్నానికి లోపలి లోయ వేడెక్కుతుంది, అక్కడ గాలి పైకి లేచేకొద్దీ సముద్రం మీది గాలి గోల్డెన్‌గేట్ జలసంధి సందులోంచి ఊళ్లోకి దూసుకొస్తుంది. రెండింటి నుంచి చీకటిపడేదాకా అదే వరస. పేరుమోసిన పొగమంచు జూన్, జూలై, ఆగస్టుల్లోనే ఎక్కువ. ఏప్రిల్, మే నెలల్లో గాలికే సిద్ధపడాలి.

అందుకే ఉన్నికోటు వద్దు. బరువు, పైగా ఎండ తగిలిన చోట చెమట. ఉన్ని స్వెట్టరు ఒక్కటే వేసుకున్నా లాభం లేదు, అల్లికలోంచి గాలి సూదుల్లా దూరుతుంది. పైన గాలి దూరని పొర ఉంటేనే స్వెట్టరు పనిచేసేది. ఒక్కొక్కరికి పలచటి థర్మల్స్ (బట్టల లోపల ఒంటికి అతుక్కునేలా వేసుకునే చలి పైభాగం, ప్యాంటు) రెండు జతలు, ముందు జిప్ ఉన్న ఫ్లీస్ (మెత్తటి నూగు గుడ్డ) స్వెట్టరు ఒకటి, తలకి టోపీ కుట్టిన విండ్‌చీటరు ఒకటి చాలు. విండ్‌చీటరు స్వెట్టరు మీద వేసి చూసి, చేతులు పైకెత్తినా నడుం దగ్గర లేవనిదే కొనండి. తడి లోపలికి రానివ్వని గుడ్డయితే గొడుగు కూడా మోయక్కర్లేదు. ఏప్రిల్‌లో వానలు తగ్గుముఖం పడతాయి, పడినా ఆ గాలికి గొడుగు తిరగబడుతుంది.

నాన్నకి ఒక మాట. అక్కడి వీధులు నిటారుగా ఎక్కుతాయి. ఎక్కేటప్పుడు కాటన్ బనీను చెమటకి తడుస్తుంది, పైకెళ్లి నిలబడగానే గాలి కొట్టి వీపు జిల్లుమంటుంది. బయటికెళ్లే రోజు బనీను మానేసి థర్మల్ ఒక్కటే వేసుకోమనండి. లుంగీలు రెండు పెట్టండి, ఇంట్లో లుంగీ కింద థర్మల్ ప్యాంటు వేసుకుంటే హాయిగా ఉంటుంది.

ఉలవపాడు_తోట:
అమ్మగారి చీరల సంగతి నేను చెప్తాను. చీరతో అక్కడ నిక్షేపంగా గడిచిపోతుంది, చుడీదార్ కోసం ఆమెని బలవంతపెట్టొద్దు.

రవిక లోపల థర్మల్ వేస్తే చంకల దగ్గర బిగుసుకుపోతుంది, చెయ్యి పైకి లేవదు. ఇప్పుడే నాలుగు రవికలు తీసి రెండు పక్కలా లోపలి కుట్టు ఒకటి విప్పించండి, చేతి దగ్గర కూడా. దర్జీలు ఎటూ రెండు మూడు వరసలు కుట్టి ఉంచుతారు గదా, ఒక వరస విప్పితే ముప్పావు అంగుళం దాకా వస్తుంది. కొత్తవి కుట్టించేట్టయితే మోచేతి కిందికి చేతులు, మెడ పైకి పెట్టించండి. థర్మల్ పైభాగం మాత్రం మెడ లోతుగా ఉన్నదే కొనాలి, లేకపోతే రవిక మెడలోంచి తొంగిచూస్తుంది. కింద లంగా లోపల థర్మల్ ప్యాంటు. ఇక్కడ చాలామంది పైన కప్పుకోవడమే చూసుకుంటారు, గాలి కుచ్చిళ్ల కిందినుంచి వస్తుంది.

సింథటిక్ చీరకి థర్మల్ తోడైతే, పొడిగా ఉన్న రోజున కరెంటు పుట్టి కాళ్లకి అతుక్కుంటుంది. కాటన్ లంగా మధ్యలో ఉంటే ఆ గొడవ ఉండదు. గంజి పెట్టిన వెంకటగిరి చీరలు గాలికి తెరచాపలా లేస్తాయి, గుడికీ పేరంటానికీ ఒకటి రెండు చాలు. రోజువారీకి కాస్త బరువుండే మెత్తటి చేనేత మంచిది. పైట మడతలకి భుజం మీద ఒక పిన్ను, కుచ్చిళ్లకి బొడ్డు కింద లోపలివైపు ఒక పిన్ను. గోల్డెన్‌గేట్ వంతెన మీద నడిచేటప్పుడు విండ్‌చీటరు పైట మీదే వేసి జిప్ పైదాకా లాగితే చీర కదలదు. ఎస్కలేటర్ల కోసం చీర చీలమండకి అంగుళం పైకే కట్టుకోవాలి.

ఇంకొకటి, ఉతుకుడు. అక్కావాళ్లింట్లో డ్రయ్యరు ఉంటుంది. అందులో చీర వేయొద్దు. చీరకంటే ఫాల్ ఎక్కువ ముడుచుకుపోతుంది, అంచంతా గుంజుకుని మడతలు పడుతుంది, ఎంత ఇస్త్రీ చేసినా సర్దుకోదు. చల్లనీళ్లలో విడిగా ఉతికి స్టాండు మీద ఆరేయాలి. ఎండ మనలాగా ఉండదు, ఆరేసరికి ఒకటిన్నర రోజు పట్టినా పట్టొచ్చు. అది లెక్కేసుకుని ఏడు చీరలు పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు.

కావలి_గేటు:
ఉలవపాడు అక్కా, కుట్లు విప్పించే సంగతి మాకెవరికీ తోచలేదు, రేపే దర్జీకి ఇస్తాం. చెప్పులు ఎట్టా? అమ్మ బూట్లు వేసుకోదు. లివర్‌మోర్ శివవిష్ణు ఆలయానికి కూడా తీసుకెళ్తానంటోంది అక్క.

కొత్తపట్నం_కెరటం:
లివర్‌మోర్ సముద్రానికి దూరం, కొండల అవతల. అదే రోజు శాన్‌ఫ్రాన్సిస్కోలో 16 ఉంటే అక్కడ 22 ఉండొచ్చు, మే నెలలో కొన్ని రోజులు 30 కూడా దాటుతుంది. ఫ్రీమాంట్, శాన్‌హోసే వైపు కూడా ఊరికంటే వెచ్చనే. శాన్‌ఫ్రాన్సిస్కో ఊళ్లోనే సముద్రం పక్కనున్న ఓషన్ బీచ్ వైపు ఒక చలి, లోపలున్న మిషన్ పేట వైపు ఇంకో చలి. కాబట్టి యాడికి బయల్దేరినా విప్పి సంచిలో పెట్టుకునేలా ఉండాలి బట్టలు. తలమీదుగా తొడుక్కునే స్వెట్టరు చీర మీద విప్పడం కష్టం, అందుకే పెన్నా ఒడ్డు గారు జిప్ అన్నది.

అమ్మకి బొటనవేలు విడిగా ఉండే సాక్సులు నాలుగు జతలు కొనండి. వాటితో వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోవచ్చు. నున్నటి అడుగు వద్దు, తడిసిన వాలు మీద జారుతుంది. అయినా ఒక జత బూట్లు అలవాటు చేయండి, లేసులు లేనివి. సాయంత్రం పూట, సాక్సులు వేసుకునే కొలత చూడాలి, పొద్దుటికంటే సాయంత్రానికి పాదం కాస్త ఉబ్బుతుంది. ఇప్పటినుంచే రోజూ అరగంట నడిస్తే అక్కడ మడమ ఒరుసుకోదు. గుడిలో సాక్సులతోనే తిరగొచ్చు, ఒక జత అదనంగా చేతిసంచిలో ఉండాలి. ఇంట్లో చెక్కనేల చల్లగా ఉంటుంది, ఇంటి చెప్పులు విడిగా పెట్టండి.

చల్లగా ఉందని ఎండని తేలిగ్గా తీసుకోవద్దు, ముఖం కమిలిపోతుంది. నాన్నకి గడ్డం కింద తాడున్న టోపీ, చెవులకి మఫ్లరు. ఏప్రిల్ నడుమ పొద్దుగూకేసరికి దాదాపు ఏడుముక్కాలు, వెలుతురుంది గదా అని స్వెట్టరు ఇంట్లో వదిలేసి వెళ్తే ఇబ్బంది పడతారు.

విండ్‌చీటరు అక్కడ కొనుక్కోవచ్చు అనేవాళ్లుంటారు, నేను ఒప్పుకోను. దిగిన సాయంత్రమే విమానాశ్రయం బయట కావాలి అది.

పెన్నా_ఒడ్డు:
అవును, ఇక్కణ్ణుంచే తీసుకెళ్లాలి. అయితే కావలి నుంచి చెన్నై దాకా కార్లో ఏప్రిల్ ఎండలో థర్మల్స్ వేసుకుని కూర్చోకూడదు. స్వెట్టరు, సాక్సులు, శాలువా చేతిపెట్టెలో పైన ఉంచి విమానంలో వేసుకోమనండి, లోపల రాత్రికి చలేస్తుంది. రోజువారీ మాత్రలు ఆరు వారాలకీ డాక్టరు చీటీతో చేతిపెట్టెలోనే. పవర్‌బ్యాంకు కూడా చేతిపెట్టెలోనే ఉండాలి. కారప్పొడి, కందిపొడి మాత్రం కింద వేసే పెట్టెలో పెట్టాలి, అమెరికా విమానాల్లో 350 మిల్లీలీటర్లు దాటిన పొడి చేతిపెట్టెలో ఉంటే ఆపొచ్చు. కరివేపాకు, మాంసం పచ్చడి అసలు వద్దు. ఎండుకొబ్బరి చిప్పలు కూడా వద్దు, నూనె వల్ల నిప్పంటుకుంటుందని చెన్నైలోనే తీసేస్తారు.

కొబ్బరినూనె సీసాలో పోయకండి. 24 డిగ్రీల లోపు పేరుకుంటుంది, అక్కడ ఇంట్లో రోజంతా గడ్డగానే ఉంటుంది. వెడల్పు మూతి ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పోసి, మూత కింద కవరు ముక్క బిగించి, రెండు కవర్లలో చుట్టి కింద వేసే పెట్టెలో పెట్టండి. వేలితో తీసుకుని అరచేతిలో రుద్దితే కరుగుతుంది.