పాల సెంటర్ స్క్రిప్ట్‌ల తేదీ: యూటీసీనా (ప్రపంచమంతటికి లెక్కకు పెట్టుకున్న టైం), మన టైమా?

నల్లగొండ_పోరడు: మా ఊరి పాల సెంటర్‌కు జావాస్క్రిప్ట్‌ల చిన్న స్క్రిప్ట్ రాసిచ్చిన, పొద్దుగాల 5కే పాలు పోస్తరు గదా, ఎంట్రీ కొడితే నిన్నటి తేదీ పడుతున్నది. 1వ తారీఖు 5:10కి పోసిన 6 లీటర్లు పాత బిల్లుల కలిసినయ్, ఒక పెద్దమ్మ చిట్టీ పట్టుకొచ్చి ఒకటే లొల్లి. 5:30 దాటినంక పోసినోళ్లయి మంచిగనే ఉన్నయ్. టుఐఎస్ఓస్ట్రింగ్ (టైంను టెక్స్ట్ లెక్క ఇచ్చే జావాస్క్రిప్ట్ ఫంక్షన్) పెట్టి ముందటి 10 అక్షరాలు కత్తిరించి దాస్తున్న. ఇగ రోజు-నెల-ఏడాది లెక్కనే దాచుకుంటే అయిపోతది గదా?

పాలమూరు_కోడ్: తమ్మీ ఆ టుఐఎస్ఓస్ట్రింగ్ ఎప్పుడైనా యూటీసీనే ఇస్తది, అది మనకంటే ఐదున్నర గంటలు ఎనుక, నీ 5:10 అంటే అక్కడ నిన్న రాత్రి 11:40. రోజు ముందట పెట్టినవనుకో, 01-10-2024 పోయి 02-09-2024 కంటే ముందు కూసుంటది, అదేం సార్టింగ్? ఐఎస్ఓ 8601 (తేదీలు రాసే అంతర్జాతీయ పద్ధతి) ప్రకారం ఏడాది-నెల-రోజు రాయి, దాచేది యూటీసీ, చూపెట్టేది మన టైం.

మిర్యాలగూడ_మిల్లు: పాలకు యూటీసీ ఎందుకన్నా, దేశమంతా ఒక్కటే టైమాయె. +05:30 తగిలించి దాస్తే ఫైల్ తెరిచినోనికి కూడ సమజైతది, లారీల లెక్కకు నేను పైథాన్‌ల గట్లనే చేసిన. (ఓసారి తేదీ ఫార్మాట్‌ల నెలకు చిన్న ఎం బదులు పెద్ద ఎం కొట్టిన, నెల జాగల నిమిషాలు పడి 14-37-2024 అని బిల్లు పోయింది, వారం దాక ఎవ్వలు చూడలే 😅)

పాలమూరు_కోడ్: సర్వర్ గడియారం యూటీసీల ఉంటే? ఏషియా/కోల్‌కతా అని మన టైం జోన్ పేరు రాయకుంటే లాప్‌టాప్‌ల ఒకటి, అక్కడొకటి వస్తది.

దేవరకొండ_అక్క: మీ ఇద్దరి లొల్లిల అసలుది ఇడిచిపెట్టిన్రు. పాలకు లెక్క పూట, గడియారం గాదు. కరెంట్ పోతే మాపటి చిట్టీలు తెల్లారి ఎక్కిస్తరు, అప్పుడు ఏ జోన్ పెట్టినా తప్పే. పూట తేదీ ఒక కాలమ్‌ల ఉత్త టెక్స్ట్ లెక్క పెట్టు, పొద్దా మాపా అన్నది పక్కన, ఎంట్రీ కొట్టిన టైం వేరేగ యూటీసీల. ఆ టెక్స్ట్‌ను మళ్ల న్యూ డేట్‌ల (టెక్స్ట్‌ను తేదీ చేసే జావాస్క్రిప్ట్ కమాండ్) పెట్టకు, ఉత్త తేదీ ఇస్తే యూటీసీ అర్ధరాత్రి అనుకుంటది.

నల్లగొండ_పోరడు: కాలమ్‌లు ఇడదీసిన అక్కా. మరి పాతయి ఎట్ల దిద్దాలె?

దేవరకొండ_అక్క: టైం ఎక్కడన్న ఉన్నదా?

నల్లగొండ_పోరడు: కత్తిరించి పారేసిన గదా 😭 పెద్దమ్మ దగ్గరికే పోయి చిట్టీలు అడుక్కోవాలె ఇగ.