చెరువుల లెక్కలు మైఎస్‌క్యూఎల్ నుంచి మాంగోడీబీకి: మొత్తం మార్చాలా, కొంతేనా?

ప్రశ్న (భీమవరం నుంచి)

అందరికీ నమస్కారం. భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతులకూ మేత డీలర్లకూ లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్‌ను మేము నాలుగేళ్లుగా నడుపుతున్నాము. రైతు, చెరువు, మేత బస్తాలు, అరువు ఖాతా, పట్టుబడి (రొయ్యలు పట్టడం) అన్నీ మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేసులో, వరుసలూ కాలమ్‌లూ ఉండే టేబుళ్లలో ఉన్నాయి. ఇబ్బంది నీటి పరీక్షల దగ్గర మొదలైంది. ఒక ల్యాబు పీహెచ్, సెలినిటీ (ఉప్పదనం), అమ్మోనియా మాత్రమే ఇస్తుంది. మరొకటి నైట్రైటు, విబ్రియో బ్యాక్టీరియా లెక్క కూడా ఇస్తుంది. కొత్త ల్యాబు వచ్చినప్పుడల్లా కాలమ్‌లు చేర్చుకుంటూ పోగా అవి అరవై దాటాయి, ఏ వరుస చూసినా సగానికి పైగా ఖాళీలే. దీనికి తోడు ఈ ఏడాది కొందరు రైతులు చెరువులో ఆక్సిజన్ కొలిచే పరికరాలు పెట్టించారు. అవి నిమిషానికొక రీడింగు పంపుతున్నాయి. చెరువుకొక డాక్యుమెంటు (నిర్ణీత కాలమ్‌లు లేకుండా వివరాలన్నీ కలిపి దాచే రికార్డు) చొప్పున పెట్టి, పరీక్షలు, రీడింగులు, అరువు ఖాతా అన్నీ అందులోనే ఉంచి మొత్తం అలాంటి డాక్యుమెంట్లను దాచే మాంగోడీబీ అనే డేటాబేసుకు మారిపోదామని మా యజమాని అంటున్నారు. ఇది సరైన దారేనా?

సమాధానం (అమలాపురం నుంచి)

చెరువుకొక డాక్యుమెంటు అన్న ఆలోచనను ముందు కాగితం మీద లెక్క వేసి చూడండి. నిమిషానికొకటి అంటే రోజుకు 1,440 రీడింగులు, 120 రోజుల పంటకు 1,72,800. ఒక్కో రీడింగు 100 బైట్లనుకున్నా మొత్తం 1,72,80,000 బైట్లవుతుంది. మాంగోడీబీలో ఒక డాక్యుమెంటు 16 మెగాబైట్లు, అంటే 1,67,77,216 బైట్లు దాటకూడదు. ఈ లెక్కన సరిగ్గా 117వ రోజున, రైతు పట్టుబడికి సిద్ధమవుతున్న సమయంలో, మీ డాక్యుమెంటు ఇక రీడింగు తీసుకోదు. పరీక్షలు, ఖాతా కూడా అందులోనే ఉంటే ఆ రోజు ఇంకా ముందే వస్తుంది. ఆగకుండా పెరిగే జాబితాను డాక్యుమెంటు లోపల పెట్టకూడదు. రీడింగుల కోసం మాంగోడీబీలో 2021లో 5.0 వెర్షనుతో టైమ్ సిరీస్ కలెక్షన్లు (సమయం వారీ రీడింగుల కోసమే ఉన్న నిల్వలు) వచ్చాయి. వాటికి చెరువు సంఖ్యనూ సమయాన్నీ చెబితే చాలు, లోపల సర్దుకోవడం అవే చూసుకుంటాయి. రీడింగులను అక్కడికి మార్చండి. అరువు ఖాతాను మాత్రం కదపవద్దని నా గట్టి అభిప్రాయం.

సమాధానం (తణుకు నుంచి)

ఖాతా విషయంలో పై వారి మాటే నాదీ, అది అనుభవించి చెబుతున్నాను. ఇదివరకు నేను పనిచేసిన ఒక ధాన్యం వ్యాపార సంస్థలో అంతా ఒకేసారి మాంగోడీబీకి మార్చాము. ప్రతి తూకం చీటీలోనూ రైతు పేరు, ఫోను, పాత బాకీ కాపీ చేసి పెట్టాము, ఎందుకంటే చదవడానికి అదే వేగం. ఒక రైతు ఫోను నంబరు మారినప్పుడు కొన్ని చీటీల్లో మారింది, కొన్నింటిలో మారలేదు. మా రిపోర్టు నంబరును బట్టి లెక్క కడుతుంది కాబట్టి ఆయన బాకీ ఇద్దరు మనుషుల బాకీగా విడిపోయింది. గుమాస్తాగారు పాత పుస్తకం తెచ్చి వేలు పెట్టి చూపించేవరకూ మాకు తెలియలేదు. మైఎస్‌క్యూఎల్‌లో ఫారిన్ కీ (ఒక టేబులు వరుసను మరో టేబులు వరుసకు కట్టి ఉంచే నియమం) కాపాడే పనిని మాంగోడీబీలో మన కోడే చేయాలి. రూపాయలను దశాంశాలు సుమారుగా మాత్రమే నిలిచే డబుల్ అనే రకంలో దాచడం మా రెండో తప్పు, పైసలు తేలలేదు. దశాంశాలను ఖచ్చితంగా దాచే డెసిమల్128 అనే రకం 3.4 వెర్షను నుంచే ఉన్నా మేము వాడలేదు. మేత అమ్మకాన్ని స్టాకులో తగ్గించి, ఖాతాలో పెంచడం ఒకే ట్రాన్సాక్షనుగా (అయితే రెండూ, లేకుంటే ఏదీ కాకుండా) జరగాలి. అనేక డాక్యుమెంట్ల ట్రాన్సాక్షన్లు 2018లో 4.0తో వచ్చిన మాట నిజమే కానీ వాటికి రెప్లికా సెట్ (ఒకే డేటా కాపీలు ఉంచుకునే సర్వర్ల జట్టు) ఉండాలి, ఒంటరి సర్వరు మీద అవి నడవవు.

సమాధానం (పాలకొల్లు నుంచి)

ల్యాబు పరీక్షల కోసమైతే డేటాబేసు మారనే అక్కర్లేదండీ. మైఎస్‌క్యూఎల్‌కు 2015లో 5.7 వెర్షనుతోనే జేసన్ రకం (పేరు, విలువ జతలుగా ఏ వివరాలనైనా ఒకేచోట ఉంచేది) వచ్చింది. చెరువు, తేదీ, ల్యాబు, మామూలుగా అందరూ అడిగే పీహెచ్, అమ్మోనియా మాత్రం కాలమ్‌లుగా ఉంచి, మిగిలినవన్నీ ఒక జేసన్ కాలమ్‌లో వేయండి. వాటిలో ఏదైనా తరచుగా వెతకవలసి వస్తే దానికి జనరేటెడ్ కాలమ్ (జేసన్‌లోని విలువను తీసి చూపే కాలమ్) పెట్టి ఇండెక్స్ (త్వరగా వెతకడానికి సూచిక) కట్టవచ్చు.

అడిగినవారు (వారం తరువాత)

అందరికీ కృతజ్ఞతలు. పరీక్షలు జేసన్ కాలమ్‌లోకి వెళ్లాయి, ఖాతాలు ఉన్నచోటే ఉన్నాయి, రీడింగులు ఒక్కటే టైమ్ సిరీస్‌కు మార్చాము. రోజువారీ రిపోర్టులో ఒక విచిత్రం కనబడింది. ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున కదా. మంగళవారం వేకువ 4 గంటలకు పడిపోయిన రీడింగును రిపోర్టు సోమవారం కింద చూపిస్తోంది. రైతు మాత్రం ఆ రోజు ఏరియేటర్లు (నీటికి గాలి పట్టించే మోటార్లు) ఎప్పుడు వేశానో తనకు గుర్తుందని అంటున్నారు.

సమాధానం (అమలాపురం నుంచి)

రైతుగారే సరి. మాంగోడీబీ సమయాన్ని యూటీసీలో (మనకన్నా అయిదున్నర గంటలు వెనుక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయంలో) దాస్తుంది, మన వేకువ 4 గంటలు దానికి ముందురోజు రాత్రి 10:30. రోజులవారీగా విడగొట్టేచోట టైమ్‌జోన్‌ను ఏషియా/కోల్‌కతా అని ఇవ్వండి, దాచిన సమయాలను మాత్రం మార్చవద్దు. ఇప్పటికే రైతులకు వెళ్లిన రిపోర్టులు ఉంటే వాటిని సరిచేసి మళ్లీ పంపండి, ఎందుకంటే ఆ అంకెలను చూసే రాత్రిళ్లు మోటార్లు వేస్తారు.