అప్‌డేట్: లాడ్జిలో గెస్ట్ ఇచ్చిన చేర్యాల బొమ్మ పగుళ్ల సంగతి తేలింది

హనుమకొండలో ఒక లాడ్జి రిసెప్షన్‌లో పనిచేస్తాను. రెండు రాత్రులు దిగిన చేర్యాల నకాషీ (గుడ్డ మీద బొమ్మలు గీసే) కళాకారుడు వెళ్తూ వెళ్తూ తను గీసిన జానెడు బొమ్మ ఒకటి ఇచ్చారని, నెలకే దాని ఎర్రరంగు నడిమధ్య ప్లస్ గుర్తులా పగిలిందని ఇక్కడ అడిగాను. ఏసీ నీళ్లు కారడం వల్లేమోనని అప్పుడు నా అనుమానం.

"గీసినాయననే అడుగు" అన్న అన్నకు థ్యాంక్స్, అదే పనిచేసింది. నంబర్ రిజిస్టర్‌లోనే ఉంది. కానీ సొంత పనికి గెస్ట్‌కు ఫోన్ చేయడం బాగుండదని మేనేజర్‌తో చేయించాను. రమ్మన్నారు. సెలవు రోజున జనగామలో బస్సు మారి చేర్యాల వెళ్లాను.

బొమ్మను వేలితో తడిమి ఒకటే అడిగారు: "మడతపెట్టినవా బిడ్డా?"

పెట్టాను. రిజిస్టర్ సందులో పట్టేలా నాలుగు మడతలు!

ఖద్దరు గుడ్డ మీద గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల ముద్ద, జిగురు నీళ్లు కలిపి పూతలు వేస్తారట. చుట్టచుడితే ఆ పూతకు ఏమీ కాదు, మడిస్తే విరుగుతుంది. పగుళ్లలో అదే పూత నింపి, ఆరాక సన్న కుంచెతో రంగు అద్దారు. డబ్బులు తీసుకోలేదు, పైగా చాయ్ తాగించారు. దగ్గరగా చూస్తే గీత ఇంకా కనిపిస్తుంది.

ఏసీకి దీనికి సంబంధమే లేదు. ఇక్కడ కొందరిచ్చిన ఇస్త్రీ, లామినేషన్ సలహాలు ఆయనకు చెబితే నవ్వారు. తడిగుడ్డ మాత్రం తగలనియ్యొద్దన్నారు. ఇప్పుడది ఫ్రేమ్‌లో, కౌంటర్ వెనక తాళంచెవుల బోర్డు పక్కన ఉంది.